బయానా ఇచ్చాం, బేరం ఖాయమైనట్టేనా?

ప్రశ్న: మాది తెనాలి. మా వీధిలోనే ఉండే ఒక పెద్దాయన తన 180 గజాల స్థలం అమ్మకానికి పెట్టారు. చిన్నప్పటి నుంచి ఆయనను బాబాయి గారూ అని పిలుస్తాను. గజం 20 వేల చొప్పున 36 లక్షలకు బేరం కుదిరింది. 2025 మార్చి 10న వంద రూపాయల స్టాంపు కాగితాల మీద రాసుకున్నాం. మూడు లక్షలు ఇచ్చాను. అందులో లక్ష బ్యాంకు ద్వారా, రెండు లక్షలు నగదుగా. మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ అనుకున్నాం. జూన్ మొదటి వారంలో గుర్తు చేస్తే, ‘ఆషాఢం వస్తోంది బాబూ, శ్రావణంలో చూద్దాం’ అని వాట్సాప్‌లో పెట్టారు. శ్రావణం వెళ్ళింది, దసరా వెళ్ళింది, ఇప్పుడు కార్తీకం. ఈలోగా మా పక్క స్థలాలు గజం 27 వేలు పలుకుతున్నాయి. మొన్న వెళ్ళి అడిగితే, ‘గడువు ఎప్పుడో దాటింది, రాసుకున్న ప్రకారం బయానా పోయినట్టే. అయినా ఇరుగుపొరుగు వాళ్ళం కాబట్టి నీ డబ్బు నీకు ఇచ్చేస్తాను, పట్టుకెళ్ళు’ అన్నారు. వాళ్ళ అబ్బాయి, ‘అది వట్టి బయానా చీటీ, అగ్రిమెంటు కాదు. పైగా నా సంతకం లేదు’ అంటున్నాడు. డబ్బు తీసుకుని గొడవ వదిలేయమని మా ఆవిడ అంటోంది. నాకు 25 లక్షలకు బ్యాంకు ఋణం మంజూరు లేఖ ఉంది. మిగిలిన 8 లక్షలు మా ఆవిడ పేర డిపాజిట్టుగా ఉన్నాయి. అసలు మాట, బయానా, అడ్వాన్సు, అగ్రిమెంటు ఇవన్నీ ఒకటేనా, వేరువేరా? నేనిప్పుడు ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: స్థలం మీ చేయి దాటిపోలేదు. మూడు లక్షలూ పోలేదు. కానీ బాబాయి గారి మనసు మారుతుందేమోనని సంక్రాంతి దాకా చూస్తూ కూర్చుంటే మాత్రం మొదటిది పోతుంది, రెండోది చిక్కుల్లో పడుతుంది. ఆ సంగతి చెప్పే ముందు మీ చివరి ప్రశ్న తేల్చాలి. వాళ్ళ అబ్బాయి మిమ్మల్ని బెదిరిస్తున్నది ఆ పేర్లతోనే కాబట్టి.

మీరు ఉత్తరంతో పాటు పంపిన నకలు చదివాను. పైన శీర్షిక ‘బయానా రశీదు’ అని ఉంది. అబ్బాయి అక్కడితో చదవడం ఆపేసినట్టున్నాడు. కింద ఏముందో చూడండి: ‘దిగువ షెడ్యూలు ఆస్తిని మీకు రూ. 36,00,000లకు విక్రయించుటకు ఒప్పుకొని, అందులకు బయానాగా ఈ దినము రూ. 3,00,000లు మీ వలన పుచ్చుకొన్నాను.’ అమ్మేవారెవరు, కొనేవారెవరు, ఏ స్థలం, ఎంత ధర, ఎంత ముట్టింది, ఎప్పటిలోగా పూర్తి కావాలి, అన్నీ ఉన్నాయి. షెడ్యూలులో నాలుగు హద్దులూ ఉన్నాయి. ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు ఉన్నారు. ఇది అమ్మకపు ఒప్పందమే. కాగితం నెత్తిన ఏ పేరు రాశారన్నది కోర్టు పట్టించుకోదు, లోపల ఏం ఒప్పుకున్నారన్నదే చూస్తుంది. నెత్తిన ‘అగ్రిమెంటు’ అని పెద్ద అక్షరాలతో రాసి లోపల ‘ధర తరువాత మాట్లాడుకొనగలము’ అని వదిలేసిన కాగితాలు బోలెడు ఉంటాయి. అవి దేనికీ కొరగావు. ఏం ఒప్పుకున్నారో తేలని ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతుంది.

ఇక మాట. నోటి మాటతో స్థలం అమ్మకానికి ఒప్పుకున్నా మన దేశంలో అది ఒప్పందమే. రాతపూర్వకంగానే ఉండాలని చట్టం ఎక్కడా అనలేదు. 1990లో బ్రిజ్ మోహన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. అయితే అదే కేసులో, నోటి మాటతో బేరం పూర్తయిందన్న వాళ్ళు దాన్ని నిరూపించలేక ఓడిపోయారు. మాట చెల్లుతుంది గానీ ఆ మాట అన్నట్టు చూపించడమే కష్టం. ‘ఆయన మాట మీద నిలబడే మనిషి’ అన్నది కోర్టులో సాక్ష్యం కాదు. అలాగని ప్రతి మాటా కోర్టుకెక్కదు. తాంబూలాలు పుచ్చుకున్నాక పెళ్ళి మానుకుంటే, పెళ్ళి చేసుకుని తీరాలని ఏ కోర్టూ డిక్రీ ఇవ్వదు. ఖర్చయిన డబ్బు సంగతి వేరు.

బయానాకు, అడ్వాన్సుకు తేడా ఉంది, మీ విషయంలో అది ముఖ్యం. కృష్ణా, గుంటూరు వైపు చాలామంది బజానా అంటారు, అదీ ఇదే. బయానా అంటే బేరం మీద నిలబడతానని కొనేవాడు ముందుగా పెట్టే పూచీ. బేరం జరిగితే అది ధరలో కలిసిపోతుంది. కొనేవాడి తప్పు వల్ల బేరం చెడితే అమ్మేవాడు ఉంచేసుకోవచ్చు. అడ్వాన్సు అంటే ధరలో కొంత భాగాన్ని ముందే చెల్లించడం. బేరం చెడితే మామూలుగా దాన్ని తిరిగి ఇవ్వాలి. నష్టమేదైనా జరిగితే ఆ మేరకే పట్టుకోవాలి. ఈ తేడాను 2012లో సతీశ్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. బయానా అని పేరు పెట్టినంత మాత్రాన ఎంత పెద్ద మొత్తాన్నయినా మింగేయవచ్చని దీని అర్థం కాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం న్యాయమైన పరిహారమే దక్కుతుంది.

మీ కాగితంలో ఇంకో వాక్యం ఉంది, బాబాయి గారు పట్టుకున్నది దాన్నే: ‘గడువు మీరినచో బయానా సొమ్ము వాపసు కోరుటకు మీకు హక్కు లేదు.’ ఆయన గడువు దాటితే ఏమవుతుందో ఒక్క ముక్క కూడా లేదు. రాసింది ఎవరి తరఫు లేఖరో అడగనక్కర్లేదు. అయితే ఆ వాక్యానికి రెండు వరుసల పైన ఆయన తన చేతులు తానే కట్టేసుకున్నారు: ‘ఈలోగా కొలతలు వేయించి, లింకు డాక్యుమెంట్లు, ఇ.సి. మీకు చూపించగలవాడను.’ ముందు ఆయన పని, తరువాత మీ డబ్బు. లింకు డాక్యుమెంట్లు అంటే ఆ స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు, ఇ.సి. అంటే దాని మీద ఏయే లావాదేవీలు రిజిస్టరయ్యాయో చూపే పత్రం. కొలతలు పడలేదు, లింకు డాక్యుమెంట్లు రాలేదు. ఒకరి పని జరిగితే గానీ రెండోవారు తమ పని చేయలేని ఒప్పందంలో, మొదటి పని ఎగ్గొట్టినవారు రెండో పని జరగలేదని ఫిర్యాదు చేయలేరు. ఇది కాంట్రాక్టు చట్టం 54వ సెక్షన్. గడువు దాటిన మాట నిజమే, దాటించింది మీరు కాదు. కాబట్టి ‘బయానా పోయింది’ అన్న మాటకు బలం లేదు. ‘ఇరుగుపొరుగు కాబట్టి ఇచ్చేస్తాను’ అని ఆయన చూపిస్తున్న ఔదార్యం కూడా, గజానికి ఏడు వేల చొప్పున లెక్కేస్తే, 12 లక్షల 60 వేల లాభానికి వేసిన ముసుగే.

ఇక ఆ ఆషాఢం సందేశం. మీ చేతిలో ఉన్న అన్నిటికన్నా విలువైన కాగితం అదే, కాకపోతే అది కాగితం కాదు. జూన్ 10న గడువు తీరుతుందనగా, ఆయనే స్వయంగా శ్రావణంలో చూద్దామన్నారు. అంటే గడువును ఆయనే పొడిగించారు. మూఢం, ఆషాఢం, పుష్యం అంటూ మనవాళ్ళు రిజిస్ట్రేషన్లు వాయిదా వేసుకోవడం మామూలే. ఇద్దరూ ఒప్పుకుంటే తప్పేమీ లేదు. అయితే వాయిదా వేసినప్పుడల్లా పాత కాగితం వెనకే ‘గడువు ఫలానా తేదీ వరకు పొడిగించుకున్నాము’ అని ఒక వాక్యం రాసి ఇద్దరూ సంతకాలు పెట్టడం మాత్రం ఎవరికీ తోచదు. పంచాంగం చూసేవాళ్ళు క్యాలెండరు చూడరు.

ఇంతవరకూ మీకు నచ్చే సంగతులు చెప్పాను. నచ్చనివి రెండున్నాయి.

మొదటిది, శ్రావణం తరువాత మీరు పాటించిన మౌనం. ఆగస్టు నుంచి ఇప్పటి దాకా ఆయనను ఒక్కసారైనా రాతపూర్వకంగా అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. అమ్మకపు ఒప్పందాన్ని అమలు చేయించమని కోర్టుకు వెళ్ళేవాడు రెండు విషయాలు చూపించాలి. డబ్బు సిద్ధంగా ఉండటం ఒకటి, కొనాలన్న ఉద్దేశం నడవడిలో కనబడటం రెండోది. 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం 16వ సెక్షన్‌లోని ఈ షరతును 2018 సవరణ కూడా తీసేయలేదు. డబ్బు విషయంలో మీకు ఢోకా లేదు: 25 లక్షలకు మంజూరు లేఖ, 8 లక్షలకు డిపాజిట్టు, కలిపితే సరిగ్గా బాకీ 33 లక్షలు. స్టాంపు సుంకానికీ రిజిస్ట్రేషన్ ఫీజుకూ ఇంకొంత కావాలి, అదెక్కడి నుంచి తెస్తారో కూడా చూపించుకోండి. మంజూరు లేఖకు గడువు ఉంటుంది, దాటితే మళ్ళీ రాయించుకోండి. ఉద్దేశం మాత్రం మనసులో ఉంటే చాలదు, తేదీలతో సహా బయట కనబడాలి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మధురైలో ఒక ఇంటి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. 1978 డిసెంబరులో 60 వేలకు ఒప్పందం, 5 వేలు అడ్వాన్సు, ఆరు నెలల గడువు. కొనేవాడు రెండున్నరేళ్ళు మాట్లాడకుండా ఉండి 1981లో నోటీసు ఇచ్చాడు. ఈలోగా ఊళ్ళో ఇళ్ళ ధరలు మూడింతలయ్యాయి. సుప్రీంకోర్టు 1997లో అతనికి ఇల్లు ఇప్పించడానికి ఒప్పుకోలేదు. స్థిరాస్తి బేరాల్లో గడువు తేదీయే ప్రాణం కాదన్నది పాత సూత్రం. ఊళ్ళలో ధరలు రెక్కలు కట్టుకుని ఎగురుతున్న కాలంలో కూడా దాన్ని అలాగే పట్టుకు కూర్చోవడం ఎంతవరకు సబబని అదే న్యాయస్థానం 2011లో మళ్ళీ అడిగింది. మీది రెండున్నరేళ్ళ మౌనం కాదు, కొన్ని నెలల మౌనమే. ఇప్పటికిప్పుడు మేలుకుంటే పెద్ద నష్టం లేదు.

లెక్కకు మీకు మూడేళ్ళున్నాయి. ఒప్పందంలో గడువు తేదీ ఉంటే ఆ తేదీ నుంచి మూడేళ్ళలో దావా వేయాలని కాలపరిమితి చట్టం అంటుంది. మీ గడువు 2025 జూన్ 10 కాబట్టి, 2028 జూన్ 10 చివరి రోజు అనుకోండి. శ్రావణానికి పొడిగించారు కదా, ఇంకొంత సమయం ఉంటుందని ఎవరైనా చెబితే వినకండి. పైగా మూడేళ్ళున్నాయి కదా అని మూడేళ్ళూ ఆగితే మీకు పట్టేది మధురై ఆయన గతే.

రెండోది, ఆ రెండు లక్షల నగదు. స్థలం బేరంలో 20 వేలు, అంతకు మించి నగదుగా పుచ్చుకోవడం 2015 జూన్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం. జరిమానా పుచ్చుకున్నవారి మీద, పుచ్చుకున్న మొత్తానికి సమానంగా పడుతుంది. ఇక్కడ పుచ్చుకున్నది బాబాయి గారు. కాబట్టి ఆ భయం ఆయనదే. అయితే 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంకో ఆదేశం ఇచ్చింది. రెండు లక్షలు, అంతకన్నా ఎక్కువ నగదుగా ఇచ్చామని ఎవరైనా దావాలో చెబితే ఆ సంగతి కోర్టే ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలి. మీ మొత్తం సరిగ్గా గీత మీద ఉంది. ఆ రెండు లక్షలు మీకెక్కడివని వాళ్ళు అడిగితే చూపించేందుకు బ్యాంకు నుంచి తీసిన కాగితమో, మరేదైనా ఆధారమో సిద్ధం చేసుకోండి. దాచిపెట్టాలని మాత్రం చూడకండి, మూడు లక్షలూ ముట్టినట్టు కాగితంలోనే ఉంది. ఈ పన్ను సంగతి చెప్పి ఆయనను బెదిరించాలన్న ఆలోచన కూడా వద్దు. ఆయన లాయరు ఎలాగూ చెబుతాడు.

అబ్బాయి సంతకం సంగతి. ఆ స్థలం బాబాయి గారు సొంత సంపాదనతో కొన్నదైతే, ఆయన బతికుండగా కొడుకు సంతకంతో పనేమీ లేదు. పిత్రార్జితమైతే మాత్రం కథ మారుతుంది. అప్పుడు కొడుకుకే కాదు, కూతుళ్ళకూ వాటా ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే పెళ్ళికాని కూతుళ్ళకు ఆ హక్కు వచ్చింది. 2005 కేంద్ర సవరణతో అందరికీ వచ్చింది. ఆ లింకు డాక్యుమెంట్లు చూస్తే ఇది తేలిపోయేది. ఆయన అవి ఇవ్వకుండా తాత్సారం చేయడానికి కారణం ధర పెరగడమేనా, లేక లోపల ఇంకేదైనా ఉందా అని నాకు ఒక అనుమానం. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ఆ సర్వే నంబరు మీద ఇ.సి. మీరే తీసుకోవచ్చు, యజమాని సంతకం అక్కర్లేదు. ఈ వారంలోనే తీసుకోండి. ఎక్కడైనా తాకట్టు ఉందేమో, ఈమధ్య ఇంకెవరి పేరనైనా ఒప్పందం రిజిస్టరైందేమో కూడా అందులోనే బయటపడుతుంది.

అన్నట్టు, మీ ఒప్పందం రిజిస్టరు కాలేదు. 1999లో తెచ్చిన రాష్ట్ర సవరణ ప్రకారం వంద రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి. చేయించేవాళ్ళు తక్కువ. రిజిస్టరు కాకపోయినా, ఒప్పందాన్ని అమలు చేయించమనే దావాలో దాన్ని సాక్ష్యంగా చూపవచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షనే ఆ మినహాయింపు ఇచ్చింది. స్టాంపు తక్కువైతే కోర్టు ఆ తక్కువను, దాని మీద జరిమానాను వసూలు చేస్తుంది. మీ కాగితంలో స్థలం స్వాధీనం చేసినట్టు లేదు, అది మీకు మేలే. ఉండి ఉంటే అమ్మకపు దస్తావేజుకు పడే సుంకమంతా దీనికీ పడేది. రిజిస్టరు చేయించి ఉంటే అది ఇ.సి.లో కనబడి, కొత్తగా కొనడానికి వచ్చేవాడు జాగ్రత్తపడేవాడు. ఇప్పుడు ఆ రక్షణ లేదు. అమ్మకపు ఒప్పందం వల్ల ఆస్తిలో హక్కేమీ రాదని 1882 ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ చెబుతుంది. దస్తావేజు రిజిస్టరయ్యాకే మీరు యజమాని. రేపు బాబాయి గారు మీ ఒప్పందం సంగతి తెలియని ఎవరికైనా పూర్తి ధరకు అమ్మేస్తే, ఆ మూడో మనిషి మీద మీరు నెగ్గడం కష్టం. తెలిసి కొన్నవాడైతే మీ ఒప్పందానికి అతనూ కట్టుబడాలి. కాబట్టి అందరికీ తెలిసేలా చేయడం మీ పని. తెలుగు దినపత్రిక జిల్లా పేజీలో లాయరు ద్వారా ఒక చిన్న ప్రకటన వేయించండి: ఫలానా హద్దుల స్థలం మీద నాకు అమ్మకపు ఒప్పందం ఉంది, ఎవరూ కొనవద్దు అని.

దానికంటే ముందు నోటీసు. లాయరు చేత రాయించి పంపండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, చేరినట్టు సంతకం వచ్చే పద్ధతిలో స్పీడ్ పోస్టు చేయించి రశీదు దాచుకోండి. అందులో కోపం వద్దు, తేదీలు కావాలి. మార్చి 10 ఒప్పందం, ముట్టిన డబ్బు, జూన్‌లో ఆయన పెట్టిన సందేశం, కొలతలూ డాక్యుమెంట్లూ రాలేదన్న సంగతి, మిగతా 33 లక్షలు సిద్ధంగా ఉన్నాయన్న సంగతి, ఫలానా రోజు ఉదయం సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి వస్తాను, మీరూ రండి అన్న పిలుపు. ఆ రోజు నిజంగా వెళ్ళండి. ఆయన రారు, అయినా మీరు వెళ్ళండి. వెళ్ళినట్టు అక్కడి నుంచే ఆయనకు ఒక సందేశం పెట్టండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. నోటీసు అందగానే ఆయన మీ బ్యాంకు ఖాతాలో అడగకుండానే లక్షో మూడు లక్షలో వేసేయవచ్చు. అమ్మేవాళ్ళలో తెలివైనవాళ్ళు చేసే పని ఇది. మీరు గమనించకుండా వదిలేస్తే, డబ్బు వాపసు తీసుకుని బేరం రద్దుకు ఒప్పుకున్నారని తరువాత వాదిస్తారు. డబ్బు పడిన రోజే, ‘దీన్ని రద్దుకింద నేను ఒప్పుకోవడం లేదు, వెనక్కి పంపడానికి సిద్ధం’ అని రాయండి. వీలైతే వెనక్కి పంపేయండి కూడా.

ఇక మీ ఆవిడ మాట. అది తీసిపారేయవలసిన సలహా కాదు. దావా వేస్తే కోర్టు ఫీజు మీరిచ్చిన మూడు లక్షల మీద కాదు, ఒప్పందంలో ఉన్న 36 లక్షల మీద లెక్కిస్తారు. కింది కోర్టు, అప్పీలు, ఆపైన ఇంకో అప్పీలు అంటే ఏళ్ళ తరబడి. వీధిలో రోజూ ఎదురుపడే మనుషులతో ఆ ఏళ్ళన్నీ గడపాలి. అయితే వదిలేయడం అంటే మూడు లక్షలు పట్టుకుని దండం పెట్టి రావడమే కానక్కర్లేదు. మీ చేతిలో బలమైన ఒప్పందం ఉన్నప్పుడు దాన్ని వదులుకోవడానికి కూడా ఒక ధర ఉంటుంది. పెరిగిన ధరలో కొంత ఆయన వదులుకోవచ్చు, లేదా మీరు గజానికి రెండో మూడో వేలు కలిపి రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. నన్నడిగితే రెండోదే మేలు. మీకు స్థలం కావాలి, 27 వేలు పెట్టి పక్క స్థలం కొనడం కంటే 22 వేలకో 23 వేలకో ఇదే కొనడం నయం. ఆయనకూ కోర్టు చుట్టూ తిరిగే వయసు కాదు.

ఆ మాటలు అరుగు మీద కూర్చుని మాట్లాడుకోకండి. ఇప్పటికే ఒకసారి అలా మాట్లాడుకున్నారు. కోర్టు ఆవరణలోనే ఉండే మండల న్యాయసేవా సంఘానికి దరఖాస్తు పెడితే, దావా వేయకముందే లోక్ అదాలత్‌కు ఇద్దరినీ పిలిపిస్తారు. కోర్టు ఫీజు లేదు. రాజీ కుదిరితే అక్కడ రాసే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కుదరకపోతే మీకు పోయేదేమీ లేదు, దావా దారి తెరిచే ఉంటుంది. చివరికి దావాయే వేయవలసి వస్తే, స్థలం ఇప్పించమని అడుగుతూనే, అది కుదరకపోతే బయానా అయినా వడ్డీతో ఇప్పించమని కూడా అడిగేలా మీ లాయరుకు చెప్పండి. అడగనిదే కోర్టు ఆ డబ్బు ఇప్పించదు. నిర్దిష్ట పరిహార చట్టం 22వ సెక్షన్‌లో ఆ మాట స్పష్టంగా ఉంది. అలా తిరిగి రావలసిన డబ్బుకు ఆ స్థలమే పూచీగా ఉంటుందని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లో ఉంది. ఇది చాలామంది కొనుగోలుదారులకు తెలియదు.

ఇదే సందర్భంలో విజయవాడ నుంచి ఒకావిడ ఫ్లాటు కోసం ఇచ్చిన ‘టోకెన్’ గురించి అడిగారు, ఆమెకూ ఇక్కడే చెబుతాను. బిల్డరు దగ్గర కొనేటప్పుడు టోకెన్ అన్నా, బుకింగ్ అన్నా, అడ్వాన్సు అన్నా ఒకటే. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం వర్తించే ప్రాజెక్టు అయితే, రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం రాసివ్వకుండా ధరలో పది శాతానికి మించి పుచ్చుకోకూడదు. పది శాతం దాటి అడిగినప్పుడే, ముందు ఒప్పందం రిజిస్టరు చేయించండి అని అడగండి. తెనాలి వారికి ఇది వర్తించదు, ఆయన బిల్డరు కాదు.

చివరగా, మీరు కొత్త ఫోను కొనే ఆలోచనలో ఉన్నట్టు ఉత్తరం అడుగున రాశారు. కొనండి గానీ పాతది అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి, అందులో వాట్సాప్‌ను తీసేయకండి. ఆ ఆషాఢం సందేశాన్ని కోర్టులో చూపించాలంటే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం దానికి ఒక ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఆ సందేశం ఏ ఫోనులో ఉందో వివరాలు రాయాలి. తెరను ఫోటో తీసి అచ్చు వేయించిన కాగితం ఒక్కటే తీసుకెళ్తే అవతలి లాయరు మొదటి అభ్యంతరం దాని మీదే లేవదీస్తాడు. సోమవారం లాయరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒప్పంద పత్రం అసలు ప్రతి, బ్యాంకు మంజూరు లేఖ, డిపాజిట్టు రశీదు, ఆ పాత ఫోను, నాలుగూ చేతిలో ఉండాలి.